పాత చిన్న ఇంజిన్ బండ్లు: బెంగళూరులో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కేఆర్ పురం, మారతహళ్లి, యలహంక వైపు ఉండే మన తెలుగువాళ్లలో చాలామంది దగ్గర ఊరి నుంచి తెచ్చుకున్న పాత బండి ఒకటి ఉంటుంది. నాన్న కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 (టూ స్ట్రోక్), మామ వాడి ఇచ్చిన హీరో హోండా సీడీ 100, లేదంటే మొదటి తరం స్ప్లెండర్ (ఈ రెండూ ఫోర్ స్ట్రోక్). నాది హిందూపురం నుంచి తెచ్చుకున్న ఆర్‌ఎక్స్. ఆదివారం పూట సెల్లార్‌లో దాని పక్కన కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి తమ బండి సంగతి అడుగుతారు, అలా పదేళ్లుగా వింటున్న ప్రశ్నలే ఇవి. నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: ఏది పోయిందో తేలకుండా ఇంజిన్ విప్పనివ్వకండి.

అన్నా, ఎంత కిక్కు కొట్టినా స్టార్ట్ కావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పెట్రోల్, కరెంటు, కంప్రెషన్. ఈ మూడూ ఉంటే ఎంత పాత ఇంజినైనా ఒక్కసారైనా దగ్గుతుంది.

ముందు కార్బురేటర్ కింద ఉండే డ్రైన్ స్క్రూ వదులు చేసి చూడండి. పెట్రోల్ ధారగా రావాలి. బొట్లు బొట్లుగా వస్తే ట్యాంకు కింది కాక్‌లోనో పైపులోనో అడ్డం ఉంది. వచ్చినదాన్ని గాజు గ్లాసులో పట్టి ఒక నిమిషం ఉంచితే, నీళ్లు కలిసి ఉంటే అడుగున వేరే పొరగా కనిపిస్తాయి. తర్వాత ప్లగ్గు తీసి, క్యాప్‌కి తగిలించి, దాని ఇనుప భాగం ఇంజిన్‌కి ఆనించి కిక్కు కొట్టండి. ఆనించేటప్పుడు ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టాలి, అందులోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంటుంది, అంటుకుంటే చేతులు కాలతాయి. నీలం రంగులో టక్కుమని మెరిస్తే కరెంటు బాగున్నట్టు. పసుపుగా, సన్నగా, వచ్చీ రానట్టు ఉంటే ముందు ప్లగ్గు మార్చి చూడండి, తర్వాత ప్లగ్ క్యాప్ విప్పి హెచ్‌టీ వైరు (కాయిల్ నుంచి ప్లగ్గుకి కరెంటు తెచ్చేది) చివర ఒక సెంటీమీటరు కత్తిరించి మళ్లీ బిగించండి. పాత బండ్లలో ఆ వైరు చివర రాగి పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. అది కత్తిరిస్తే చాలు, కాయిల్ కొనాల్సిన పని తప్పిన సందర్భాలు నేను చాలా చూశాను.

ఈ రెండూ ఉన్నాక ప్లగ్గు మళ్లీ బిగించి కిక్కు చేత్తో నొక్కి చూడండి. ఒక చోట గట్టిగా ఎదురుతన్నాలి. జారిపోతున్నట్టు ఉంటే కంప్రెషన్ లేదు, అప్పుడు కింద 'రింగులా, వాల్వులా' అన్న ప్రశ్న దగ్గర చెప్పిన పరీక్ష చేయాలి.

స్టార్ట్ అవుతుంది, రెండు మూడు కిలోమీటర్లు వెళ్లాక ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. కాయిల్ పోయిందంటారా?

పోయి ఉండొచ్చు, కానీ ముందు ట్యాంకు మూత తీసి చూడండి. ఇది నాకు జరిగిన సంగతి. బండి హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ఆగిపోయేది, కాసేపటికి మళ్లీ నడిచేది. ఒక షెడ్డులో చూపిస్తే కార్బురేటర్ కిట్టు, కాయిల్, ప్లగ్గు అన్నీ మార్చారు, నాలుగు వేలు దాటింది, బండి మాత్రం అలాగే ఉంది. ఆఖరికి ఒక రోజు ఆగిపోయిన చోటే ట్యాంకు మూత తిప్పాను. 'సుస్' అని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. మూతకి ఉండే సన్నటి గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయింది. పెట్రోల్ కిందికి దిగిన కొద్దీ పైనుంచి గాలి రావాలి, అది రాక లోపల వ్యాక్యూమ్ ఏర్పడి ధార ఆగిపోతోంది. సన్నని తీగతో ఆ రంధ్రం పొడిచి సబ్బు నీళ్లతో కడిగాను, అంతే.

మూత తీసినా ఆగిపోతుంటే, ఆగిన వెంటనే ప్లగ్గు తీసి కరెంటు చూడండి. వేడి మీద కరెంటు లేక చల్లబడ్డాక వస్తుంటే అది కాయిల్, పికప్ కాయిల్ (కరెంటు ఎప్పుడు ఇవ్వాలో చెప్పేది), కండెన్సర్ (పాత పాయింట్ల బండ్లలో ఉండేది) ఈ మూడింట్లో ఒకటి. ఇంటికొచ్చాక చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి, అందుకే ఆగిన చోటే చూడాలి.

టూ స్ట్రోక్ బండి తెల్లగా దట్టంగా పొగ వదులుతోంది. బోరుకొచ్చిందని (సిలిండర్ లోపల అరిగింది, పెద్ద సైజుకి కోయించాలని) మెకానిక్ చెప్పాడు. నిజమేనా?

ఒక్క క్షణం ఆగండి. గేర్ ఆయిల్ ఎంత ఉందో చూశారా?

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోల్, గాలి, ఆయిల్ కలిసిన మిశ్రమం ముందు క్రాంక్ కేసులోకి (పిస్టన్ కింద ఉండే గది) వెళ్లి, అక్కడ నుంచి పైకి సిలిండర్‌లోకి వస్తుంది. అంటే క్రాంక్ కేసు గాలి చొరబడకుండా మూసి ఉండాలి. దానికి రెండు వైపులా రెండు రబ్బరు ఆయిల్ సీళ్లు కాపలా. ఆర్‌ఎక్స్‌లో కుడివైపు సీలు అవతల క్లచ్, గేర్ ఆయిల్ ఉంటాయి. ఎడమవైపు సీలు అవతల మ్యాగ్నెట్, అక్కడ ఆయిల్ ఉండదు, ఉత్త గాలే.

కుడివైపు సీలు చిరిగితే పిస్టన్ పైకి వెళ్లిన ప్రతిసారీ గేర్ ఆయిల్‌ని పీల్చి కాల్చేస్తుంది. తెల్లటి పొగ, కాలిన వాసన, ప్లగ్గు తడిగా నల్లగా, గేర్ ఆయిల్ నెల నెలా తగ్గడం. ఎడమవైపు సీలు పోతే పొగ ఉండదు, గాలి ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది, యాక్సిలరేటర్ వదిలినా బండి రేసవుతూనే ఉంటుంది. ఈ రెండోది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే పలచటి మిశ్రమంతో ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది.

మా పక్క బ్లాకులో మదనపల్లె అబ్బాయి ఒకడు ఇదే పొగకి వేరే చోట బోరు చేయించి కొత్త పిస్టన్ వేయించుకున్నాడు. పొగ తగ్గలేదు. విప్పి చూస్తే క్లచ్ వైపు సీలు పెదవి రాయిలా గట్టిపడి, గోటితో గీరితే పొడిలా రాలింది. వందల రూపాయల్లో పోయే పనికి వేలు పెట్టాడు, పైగా కంపెనీ సైజు సిలిండర్ కూడా పోయింది, అది మళ్లీ రాదు కదా. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

గేర్ ఆయిల్ తగ్గకపోతే ఆయిల్ పంపు ఎక్కువ పోస్తోందేమో, చోకు సగంలో ఇరుక్కుందేమో చూడండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొంచెం పొగ మామూలే.

సీలు పోయిందో, ఇంటేక్ రబ్బరు పగిలిందో విప్పకుండా ఎలా తెలుస్తుంది?

ఇంజిన్ స్లోలో నడుస్తుండగా కార్బురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే జాయింటు మీద సబ్బు నీళ్లు చిమ్మండి. శబ్దం మారితే అక్కడ గాలి పీలుస్తోంది. కార్బ్ క్లీనర్ స్ప్రేతో కూడా చేస్తారు, తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది గానీ వేడి సైలెన్సర్ మీద పడితే మంట వస్తుంది, కాబట్టి నేను చెప్పను. మ్యాగ్నెట్ కవర్ తీసి చూస్తే సీలు చుట్టూ తడిగా జిడ్డుగా ఉన్నా అనుమానించాలి, అక్కడ పొడిగా ఉండాలి.

ఫోర్ స్ట్రోక్ బండికి కంప్రెషన్ తగ్గింది. రింగులా, వాల్వులా?

ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి, నాలుగైదు సార్లు నెమ్మదిగా కిక్కు తిప్పి, ప్లగ్గు బిగించి మళ్లీ చూడండి. కంప్రెషన్ ఒక్కసారిగా పెరిగితే రింగులూ బోరూ అరిగినట్టు, ఎందుకంటే ఆ సందుల్ని ఆయిల్ కాసేపు మూసింది. మార్పు లేకపోతే వాల్వులు సరిగా మూసుకోవట్లేదు. కంప్రెషన్ గేజ్ ఉంటే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కొలవాలి, లేకపోతే తక్కువ చూపిస్తుంది.

పొగ కూడా చెబుతుంది. రేస్ చేస్తున్నంతసేపూ నీలం పొగ వస్తే రింగులు. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పెడు వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు, వాటికి బోరు అక్కర్లేదు.

ట్యాపెట్ శబ్దం వస్తోంది. బిగిస్తే పోతుందా?

శబ్దం పోతుంది, వాల్వు కూడా పోతుంది. ట్యాపెట్ అంటే వాల్వుని నొక్కే భాగం, దానికీ వాల్వుకీ మధ్య సందు బొత్తిగా లేకుండా బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, మూసుకున్నప్పుడే అది తన వేడిని హెడ్‌కి ఇస్తుంది, అలా ఇవ్వలేక ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) కొనుక్కోండి, ఖరీదేమీ కాదు. ఈ వంద సీసీ ఇంజిన్లకి మోడల్‌ని బట్టి 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది, మీ బండి మాన్యువల్ చూసి పెట్టండి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి, రాత్రంతా ఆపి ఉంచి పొద్దున్నే చేయడం మంచిది. పిస్టన్ పైన, రెండు వాల్వులూ మూసి ఉన్న స్థితిలో మాత్రమే కొలవాలి. కొంచెం టిక్ టిక్ వినిపిస్తే వినిపించనివ్వండి. అసలు వినిపించకపోతేనే నాకు టెన్షన్.

ఏ ఆయిల్ పోయాలి?

ఫోర్ స్ట్రోక్‌కి డబ్బా మీద జాసో ఎంఏ అని రాసి ఉండాలి, ఎందుకంటే క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో తిరుగుతాయి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే అవకాశం ఉంది. పాత ఇంజిన్లకి 20డబ్ల్యూ-40 సరిపోతుంది. కొలిచేటప్పుడు బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి డిప్‌స్టిక్ తుడిచి రంధ్రంలో ఊరికే ఆనించి తీయాలి, మర తిప్పి బిగించి కొలిస్తే లెక్క తప్పుతుంది. సీడీ 100, స్ప్లెండర్ ఇంజిన్లలో క్లచ్ కవర్ వెనక గుండ్రంగా తిరిగే ఆయిల్ ఫిల్టర్ ఉంటుంది. అది తిరిగే వేగానికి మడ్డి అంచులకి విసిరేసి పట్టుకుంటుంది. క్లచ్ కోసం ఎప్పుడు కవర్ తీసినా దాన్ని కూడా తీసి కడగమని చెప్పండి. చెప్పకపోతే చాలామంది ముట్టుకోరు, లోపల గ్రీజులా గట్టి మడ్డి పేరుకుని ఉంటుంది.

టూ స్ట్రోక్‌కి లీటరు పెట్రోల్‌కి 2టీ ఆయిల్ ఎంత కలపాలి?

పంపు బాగా పనిచేస్తుంటే పెట్రోల్‌లో కలపనే అక్కర్లేదు, ఆయిల్ ట్యాంకు ఖాళీ కాకుండా చూసుకోండి, అంతే. ఒకసారి ఖాళీ అయితే నింపినంత మాత్రాన సరిపోదు, పైపులో గాలి బుడగలు పోయేదాకా పంపు దగ్గర గాలి తీయాలి. అది తేలేవరకూ పెట్రోల్‌లో కూడా ఆయిల్ కలిపి నడపండి. పంపు తీసేసిన బండ్లకి లీటరుకి 20 మిల్లీలీటర్లంటే 1:50, 25 అంటే 1:40. పాత ఇంజిన్‌కి, ఈ ట్రాఫిక్‌లో, నేను 25 వేస్తాను. ఎక్కువ పోస్తే మంచిదనుకుని 50 పోసేవాళ్లున్నారు, అప్పుడు ఎగ్జాస్ట్ పోర్టులోనూ సైలెన్సర్ జాలీలోనూ కార్బన్ పేరుకుని బండి అరవై దాటదు. ఆ జాలీ తీసి కాల్చి శుభ్రం చేసుకోవచ్చు. కాస్టిక్ సోడా వాడితే ఇనుప సైలెన్సర్‌కి మాత్రమే వాడండి, అల్యూమినియం పిస్టన్‌నీ హెడ్‌నీ అది తినేస్తుంది.

ఊళ్లో బాగా నడిచిన బండి బెంగళూరు వచ్చాక మిస్సింగ్ కొడుతోంది. ఎత్తు వల్లా, ఈ20 పెట్రోల్ వల్లా?

రెండూ ఉన్నాయి, కానీ అవి ఒకదానికొకటి ఎదురు లాగుతాయి, అదే ఇక్కడ తమాషా.

బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పలచన కాబట్టి నెల్లూరులోనో విజయవాడలోనో సెట్ చేసిన కార్బురేటర్ ఇక్కడ గాలికి తగినదానికంటే కొంచెం ఎక్కువ పెట్రోల్ ఇస్తుంది. బలం కూడా కాస్త తగ్గుతుంది, దానికి మందు లేదు. అటువైపు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి గాలి తక్కువ చాలు: మామూలు పెట్రోల్ ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలంటే ఈ20కి సుమారు 13.5 సరిపోతుంది. జెట్ (పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రం) మార్చని పాత కార్బురేటర్‌లో మిశ్రమం ఆ మేరకు పలచబడుతుంది. కాబట్టి ఊహించి జెట్లు మార్చకండి, ప్లగ్గు తీసి చూడండి. ఇటుక పొడి, లేత కాఫీ రంగు మధ్య ఉంటే ముట్టుకోవద్దు. మసిలా నల్లగా పొడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే తక్కువ. తక్కువైతే కార్బురేటర్ లోపలి సూది (నీడిల్) క్లిప్పు ఒక గాడి కిందికి దించండి, నీడిల్ పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది.

స్లో సెట్టింగ్ స్క్రూ దగ్గర చాలామంది తికమకపడతారు. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, లోపలికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్ స్క్రూ, అంతా తలకిందులు.

ఇథనాల్‌తో అసలు బాధ రబ్బరుకీ నీళ్లకీ. అది తేమని పీల్చుకుంటుంది, పాత పైపుల్ని మెత్తబరిచి ఉబ్బిస్తుంది. పైపు, కాక్ వాషర్లు, ఫ్లోట్ నీడిల్ కొత్తవి వేయించుకోండి.

నందీ హిల్స్ దిగేటప్పుడు ఆర్‌ఎక్స్ పిస్టన్ పట్టేసింది. దిగేటప్పుడు ఇంజిన్‌కి భారమే ఉండదు కదా, ఎలా?

భారం లేదు, సరిపడా ఆయిల్ కూడా లేదు. 1478 మీటర్ల నుంచి గేర్‌లో, యాక్సిలరేటర్ మూసి దిగుతుంటే ఇంజిన్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది గానీ లోపలికి పెట్రోల్ పెద్దగా వెళ్లదు. టూ స్ట్రోక్‌లో పెట్రోల్‌తోపాటే ఆయిల్. పంపు ఉన్న బండిలో కూడా యాక్సిలరేటర్ మూస్తే పంపు తగ్గించి పోస్తుంది. అందుకని దిగేటప్పుడు మధ్య మధ్యలో క్లచ్ పట్టి చిన్నగా రేస్ ఇవ్వండి. పాతకాలం వాళ్లు ఘాట్‌లో బ్రుమ్ బ్రుమ్ అనిపిస్తూ దిగేది దీనికోసమే.

పట్టేసిన వెంటనే క్లచ్ పట్టుకుని పక్కకి ఆపి, అరగంట చల్లారనివ్వాలి. నీళ్లు పోయకండి.

నిజంగానే బోరు చేయించాలంటే ఏం చూసుకోవాలి?

ముందు కొలిపించండి. ఆర్‌ఎక్స్ అసలు బోరు 50 మిల్లీమీటర్లు, పిస్టన్లు 0.25 మిల్లీమీటర్ల చొప్పున పెద్ద సైజుల్లో వస్తాయి. 0.25తో గీతలు పోతే 0.50కి వెళ్లనివ్వకండి, ఒక్కో సైజూ ఆ సిలిండర్ ఆయుష్షే. ఇంకో మాట, పిస్టన్ ముందు కొని లేత్ వాళ్ల చేతిలో పెట్టండి, దాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయాలి. పిస్టన్ లేకుండా '0.50 సైజుకి కొట్టేస్తాం' అనేచోట వదిలేసి రావడమే మేలు. ఇంటికి తెచ్చాక రింగు ఒక్కటే బోరులో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా తోసి, చివరల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడండి. తర్వాత 500 కిలోమీటర్లు ఎక్కువ రేస్ లేకుండా, అలాగని ఒకే వేగంలో కూడా పోకుండా నడపాలి.

పాయింట్లు (ప్లగ్గు కరెంటుని కలిపి విడదీసే రెండు లోహపు ముఖాలు) తీసేసి సీడీఐ (అదే పని చేసే ఎలక్ట్రానిక్ పెట్టె) వేయించనా?

వేయించుకోవచ్చు, తప్పేమీ లేదు. నేనైతే పాయింట్లే ఉంచుకున్నాను. వాటికి కావలసింది శుభ్రమైన ముఖం, 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల సందు, మంచి కండెన్సర్. పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు పెద్దగా మెరుస్తూ, ముఖాలు వారానికోసారి కాలిపోతుంటే కండెన్సర్ పోయింది, పాయింట్లు మార్చి లాభం లేదు. సన్నటి ఎమరీతో రుద్దాక ఒక గట్టి కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగండి, ఆ పొడి మిగిలినా కరెంటు సరిగా రాదు.

వాన నీళ్లలో సెల్లార్ మునిగింది, బండి సగం నీళ్లలో ఉండిపోయింది.

2022 సెప్టెంబరులో బెళ్లందూరు, అవుటర్ రింగ్ రోడ్ వైపు మునిగినప్పుడు ఎక్కువమంది చేసిన తప్పు ఒక్కటే, నీళ్లు తగ్గగానే కిక్కు కొట్టడం. సిలిండర్‌లో నీళ్లుంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గు తీసేయండి, అప్పుడు కిక్కు నెమ్మదిగా తిప్పితే నీళ్లు చిమ్ముకుంటూ బయటికి వస్తాయి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే అందులో నీళ్లున్నట్టు. పారబోసి, చవక ఆయిల్ పోసి ఐదు నిమిషాలు నడిపి, అదీ పారబోసి, అప్పుడు మంచిది పోయండి. ట్యాంకు, కార్బురేటర్, ఎయిర్ ఫిల్టర్, మ్యాగ్నెట్ కవర్ అన్నీ విప్పి ఆరబెట్టాలి.

సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?

జేసీ రోడ్డు, కలాసిపాళ్య చుట్టుపక్కల. పాత ఒరిజినల్ భాగాల కోసం చెన్నై పుదుపేట వెళ్లొచ్చేవాళ్లు కూడా ఉన్నారు. డబ్బా మీద పేరు చూసి మోసపోకండి, పాత భాగం జేబులో పెట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడండి. ఆయిల్ సీళ్లకీ బేరింగులకీ బండి పేరు చెప్పాల్సిన పనే లేదు. సీలు మీద లోపలి కొలత, బయటి కొలత, మందం మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటుంది. బేరింగు నంబరు కూడా అంతే, 6203 అంటే ప్రపంచంలో ఎక్కడైనా లోపల 17, బయట 40, మందం 12. బేరింగుల దుకాణంలో మంచి కంపెనీది దొరుకుతుంది. క్రాంక్ బేరింగు అయితే నంబరు పక్కన సీ3 (లోపల కాస్త ఎక్కువ సందు ఉండే రకం) అని ఉందేమో కూడా చూసి అదే తీసుకోండి.

మా రిసార్ట్‌లో చిన్న ఏటీవీ (మట్టి దారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) ఉంది, దానికి సామాను దొరకదంటున్నారు.

ఆ 110 సీసీ చిన్న ఏటీవీల్లో చాలావాటికి పడుకోబెట్టినట్టుండే ఇంజినే ఉంటుంది, అది హోండా కబ్ అనే పాత బండి పద్ధతి, మన సీడీ 100కి దగ్గరి చుట్టం. ట్యాపెట్, టైమింగ్ చైన్, కార్బురేటర్ పని అంతా ఇక్కడి మెకానిక్‌కి చేతిలో పనే, కొలతలు మాత్రం దానివే వాడాలి. కరెంటు రాకపోతే ముందు వెనకాల తాడుతో లాగే కట్ స్విచ్ చూడండి. నీళ్లతో కడిగాక అది లోపల ఎర్త్ అయిపోతుంది, దాని వైరు తీసి చూస్తే తెలిసిపోతుంది. తెలిశాక కొత్త స్విచ్ వేయండి, పిల్లలు ఎక్కే బండి, అది లేకుండా తిప్పకూడదు. ఎర్రమట్టి దుమ్ములో తిరుగుతాయి కాబట్టి ఎయిర్ ఫిల్టర్ స్పాంజి వారానికోసారి కడిగి, ఆయిల్ రాసి పిండి పెట్టాలి.

ఎమిషన్ టెస్ట్‌లో పాసవుతుందా?

2000 మార్చి 31 లోపు తయారైన బండికి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9000 పీపీఎం వరకు అనుమతి ఉంది, చక్కగా ట్యూన్ చేసిన ఆర్‌ఎక్స్ పాసైపోతుంది. బండి బాగా వేడెక్కాక తీసుకెళ్లండి. పదిహేనేళ్లు దాటితే ఫారం 25తో రిజిస్ట్రేషన్ రెన్యువల్, తర్వాత ఐదేళ్లకోసారి.

రెండు నెలలు ఊరెళ్తున్నా. బండిని ఎలా వదిలి వెళ్లాలి?

ట్యాంకు నిండా పెట్రోల్ పోయండి, ఖాళీ ఉంటే లోపలి గాలిలో తేమ చేరి తుప్పు పడుతుంది. కాక్ మూసి, కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజిన్ నడవనివ్వండి. సైలెన్సర్ గొట్టానికీ ఎయిర్ ఫిల్టర్ నోటికీ గుడ్డ కుక్కండి, సెల్లార్ ఎలుకలు అక్కడే గూడు పెడతాయి, తిరిగొచ్చాక అవి తీయడం మర్చిపోకుండా తాళం చెవికి ఒక చీటీ కట్టండి. ఆఖరున డ్రైన్ స్క్రూ తీసి, కింద మూత పెట్టి, చివరి బొట్టు పడేదాకా ఆగి మళ్లీ బిగించండి.